ఆ నెంబరు చెప్పను

చిరంజీవి గువ్వకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. నాన్న మోకాలి నొప్పి మా ఇద్దరికంటే కులాసాగా ఉంది, రోజూ అందరికంటే ముందే నిద్ర లేస్తోంది. నువ్వు వేళకు తింటున్నావనీ, కంటినిండా నిద్రపోతున్నావనీ తలుస్తాను. తలుస్తాను అంటే గట్టిగా అడుగుతున్నానని అర్థం.

నీ ఉత్తరం సోమవారం అందింది. మనం ఫోన్ ఎత్తితే రెండు నిమిషాలు తిన్నావా, పడుకున్నావా అని, మూడో నిమిషం నుంచి కొట్లాట. నువ్వు కాగితం మీద రాసి మంచి పని చేశావు. కాగితం మధ్యలో అడ్డుపడదు. అయితే కన్నతల్లికి ఆఫీసు నోటీసులాగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ప్రశ్నలు రాయడం ఏమిటే? నాన్న చదివి, "ఇది ఉత్తరమా, సంజాయిషీ అడిగారా?" అన్నారు. నేను మాత్రం నాకు తోచిన వరసలోనే జవాబు చెప్తాను.

ఈ వయసులో నీకీ గొడవలెందుకమ్మా అన్నావు. ఇరవై రెండేళ్లు కోర్టులో సాక్షుల మాటలు టైపు కొట్టినదాన్ని. నా ఎదుట నుంచుని అబద్ధం చెప్పినవాళ్ల లెక్క నాకే తెలియదు. అప్పుడు నోరెత్తడానికి లేదు, నా పని కొట్టడం వరకే. రిటైరయ్యాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, "మా కంపెనీకే మీ ఊళ్లో వినే పని ఉంది, చేరమ్మా" అన్నది నువ్వే. చేరాను. ఇప్పుడు నాకు నోరుంది. వాడుకుంటున్నాను.

నువ్వు పెద్ద ఆఫీసులో ఉన్నావు కాబట్టి మా గది ఎలా ఉంటుందో చూడలేదు. చెప్పుల దుకాణం పై అంతస్తు. పదకొండు బల్లలు, ఒక్క కిటికీ, అదీ తెరుచుకోదు. మన భాష వినేవాళ్లం మీ కంపెనీ మొత్తానికి ఈ పదకొండు మందిమే. ఎవరో ఎక్కడో ఫోన్లో మాట్లాడిన మాటలు వింటాం, విన్నది విన్నట్టు టైపు చేస్తాం. వినపడకపోతే 'అస్పష్టం' అని రాస్తాం. విననిది రాయకూడదు. మీ యంత్రం ఫోన్లో మనిషిలా మాట్లాడాలంటే ముందు మనుషులు ఎలా మాట్లాడుకుంటారో నేర్చుకోవాలి కదా, దానికి మేం పంతుళ్లం.

మొదట్లో అన్నీ టికెట్లూ, గ్యాసు బండలూ, బ్యాంకు కార్డులూ. ఒకాయన కార్డు పోయిందని ఫోన్ చేసి, పావుగంట అల్లుణ్ణి తిట్టి పెట్టేశాడు. నవ్వుకుంటూ రాసేదాన్ని. పోయిన చలికాలం నుంచి వేరే రకం కాల్స్ రావడం మొదలైంది. ముందు ఒక ఆడమనిషి మెత్తటి గొంతు: "ఇది సహాయ కేంద్రం. మీరు చెప్పేది మీకూ మాకూ మధ్యే ఉంటుంది." ఆ వెంటనే ఏడుపు. బతకాలని లేదనేవాళ్లు, భర్త కొట్టాడనేవాళ్లు, పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పలేనివాళ్లు. మీకూ మాకూ మధ్యే అన్న మాట మా పదకొండు జతల చెవుల్లో పడుతోంది గువ్వా! సూపర్వైజరును అడిగితే, "యంత్రానికి ఓదార్చడం రావాలంటే ఏడుపు వినాలిగా మేడం" అన్నాడు. వాళ్లను అడిగారా అన్నాను. "మీరు టైపు చేయండి" అన్నాడు.

అందుకే రోజూ పదకొండు గంటలకు అందరం హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి అరగంట చేతులు కట్టుకుని కూర్చుంటున్నాం. అంతే మా ధర్నా. అరుపుల్లేవు, జెండాల్లేవు. ఎవరో ఆ ఫొటో నెట్‌లో పెట్టారు, ఇక చూసుకో. ఊరూ పేరూ లేనివాళ్లంతా వచ్చి పడ్డారు. డబ్బులు తీసుకుని ఆడుతున్న నాటకం అని ఒకడు. ఆ గది అసలు లేనేలేదు, యంత్రం గీసిన బొమ్మ అని ఇంకొకడు. నా గదిలో నేను కూర్చుని, నేను లేనని చదువుకున్నాను. "ఈ ముసలామెకు హెడ్‌ఫోన్ ఏ చెవికి పెట్టుకోవాలో తెలుసా?" అని మరో మహానుభావుడు. "రెండింటికీ నాయనా, నీకు ఒకటి చాలేమో" అని రాశాను. నాలుగు వేల మంది మెచ్చుకున్నారట. నాన్న వీధిలో అందరికీ చూపించి వచ్చారు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. పేరు లేకుండా వచ్చిన ఆ పోస్టు నీదేనా అని. నాదే.

దాన్లో మూడు సంగతులు రాశాను. సహాయ కేంద్రం కాల్స్ మా చేత వినిపిస్తున్నారు. ఫోన్ చేసినవాళ్లను ఎవరూ అడగలేదు. ఆ రికార్డులను బీమా కంపెనీలకు అమ్ముతున్నారు. మొదటి రెండూ నా చెవులతో విన్నవి. మూడోది కింద చెప్పుల దుకాణం ఆయన మెట్ల దగ్గర అన్నాడు. నిజమే అయ్యుంటుంది, ఇంత చేసినవాళ్లు అంత చేయరా అనుకున్నాను. రెండు మాటలకు బరువు చాలదేమోనని మూడో మాట వేశాను. అస్పష్టం అని రాయాల్సిన చోట చెవులారా విన్నట్టు రాశాను. ఇరవై రెండేళ్లు విన్నదే కొట్టిన చేతులు చేసిన పని అది. నా మీద నాకే అసహ్యమేసింది.

తర్వాత రూఢి చేసుకుందామని దుకాణానికి వెళ్లి అడిగాను, మీకెవరు చెప్పారండీ అని. "ఎవరో అంటే విన్నాను కానీ, తర్వాత నెట్‌లో వివరంగా వచ్చిందిగా, చూళ్లేదా?" అని ఫోన్ తీసి చూపించాడు. అది నా పోస్టే.

మీ కంపెనీ మొదటి రెండింటినీ ఒక్క ముక్కలో లేవని దులిపేసుకుంది. మూడోదాన్ని పట్టుకుని పేజీడు ప్రకటనలో ఉతికి ఆరేసింది. ఒక అబద్ధం దొరికితే చాలు, పక్కనున్న రెండు నిజాలూ దానితోనే కొట్టుకుపోతాయి. ఆ ప్రకటన రాసింది నువ్వేనని మొదటి వాక్యానికే తెలిసిపోయింది. "ఏ మాత్రం నిజం లేదు, ఏ మాత్రం ఆధారం లేదు, అలాంటి కాల్ ఒక్కటి కూడా లేదు." చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడల్లా నేను ఏ మాత్రం ముట్టుకోలేదమ్మా అనేదానివి. కోపం రాలేదు. పైవాళ్లు చెప్పింది నమ్మి రాశావు. చెప్పుల దుకాణాన్ని నమ్మి నేను రాయలేదూ?

కానీ ఆ పోస్టు రాశాడని మా కండక్టరుగారిని పనిలోంచి ఆపేశారు. బస్సు కండక్టరుగా చేసి మా దగ్గర చేరినాయన. గట్టిగా మాట్లాడతాడు కాబట్టి రాసింది ఆయనే అనేసుకున్నారు. అది విన్నాక నాకు అన్నం సహించలేదు. మర్నాడే సూపర్వైజరు బల్ల ముందు నుంచుని, "రాసింది నేను, ఆయన్ని పిలవండి" అన్నాను. నెట్‌లో నా ఫొటో పెట్టి, నా పేరు పెట్టి, మూడో మాట తప్పు, నేను విచారించకుండా రాశాను, మొదటి రెండూ నిజం, వాటి మీద నుంచి అంగుళం కదలను అని రాశాను. కదలలేదు కూడా. అప్పటికి నీ ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది. కండక్టరుగారు తిరిగి వచ్చి, "రాస్తే రాశారు, నా పేరన్నా పెట్టారు కాదు, పేరొచ్చేది" అన్నాడు.

ఇప్పుడు నీ ముఖ్యమైన ప్రశ్న. రుజువేదమ్మా అన్నావు.

శుక్రవారం విచారణ. మీ పెద్దవాళ్లు మాకొక గడువు పెట్టారు. ఒక్క ఫైలు నెంబరు చెప్పండి, కమిటీ ముందు తెరిచి వింటాం. అది సహాయ కేంద్రం కాల్ అని తేలితే మీ మాట ఒప్పుకుని అవన్నీ ఆపేస్తాం. లేదంటే పదకొండు మందీ ఇంటికి. ఇంత ధైర్యంగా ఎలా అన్నారంటే, మేం టైపు చేసి పూర్తి చేసిన ఫైళ్లన్నీ పోయిన వారమే మా లిస్టుల్లోంచి తీసేశారు. పూర్తికాని ఫైలు మాత్రం వినేవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ సంగతి పైవాళ్లకు తట్టలేదు. అలాంటిది ఒక్కటే మిగిలింది. నా దగ్గరే ఉంది.

గువ్వా, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. పక్కన ఎవరైనా ఉంటే లేచి వేరే గదిలోకి వెళ్లు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆ ఫైలు నాకు వచ్చింది. పేర్లున్న చోట కూత పెట్టి చెరిపేస్తారు, గొంతును ఎవరు చెరుపుతారు? "నాలుగు వారాలుగా నిద్ర లేదండీ, పొద్దున్నే మంచం దిగాలంటే ఏడుపొస్తోంది" అంది ఆ గొంతు. ఇంట్లోవాళ్లకు చెప్పారా అని అవతలావిడ అడిగింది. "మా అమ్మకి చెప్పలేను. ఆవిడ తట్టుకోలేదు."

ఆపేశాను. నాలుగు నిమిషాల పది సెకన్ల దగ్గర ఆపేసి, హెడ్‌ఫోన్లు తీసి, మెట్లు దిగి వీధిలోకి వెళ్లి నుంచున్నాను. ఎంతసేపు నుంచున్నానో తెలియదు. మూడో రోజున కళ్లజోడు మార్పించుకోవాలని నీ దగ్గరికి వచ్చి పది రోజులు ఉన్నాను చూడు, అందుకు. నా కళ్లకేమీ కాలేదు. నీ పక్కన పడుకుంటే నువ్వు నిద్రపోతావేమో చూద్దామని వచ్చాను. ఆరో రోజున నిద్రపోయావు. నేను పోలేదు.

ఇన్నాళ్లూ చెప్పకపోవడం తప్పే. ఎలా తెలిసిందంటావని భయం. నీ ఇంట్లో దొంగతనంగా దూరినట్టు ఉంది నాకు, జీతం ఇచ్చి మరీ దూర్చారు. పరాయివాళ్ల ఏడుపు వింటూ కూడా రెండు వారాలు నేను టైపు కొడుతూనే ఉన్నానే, నీ గొంతు వినేదాకా చేతులు ఆగలేదు. ఆ సిగ్గు నాకు పోదు. వాళ్లకూ అమ్మలున్నారు.

ఆ నెంబరు నాకు కంఠతా వచ్చు. చెబితే శుక్రవారం మేం గెలుస్తాం. మీ ఆఫీసులో, నీతో రోజూ కాఫీ తాగే మనుషులు బల్ల చుట్టూ కూర్చుని నీ ఏడుపు వింటారు. నిన్న మిగతా పదిమందినీ కూర్చోబెట్టి, నా దగ్గర ఒకటుంది, ఇవ్వలేను అని చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. వాళ్లవీ ఉద్యోగాలే, వాళ్లకూ పిల్లలున్నారు. కండక్టరుగారే, "ఆ మనిషిని అడగండి. వద్దంటే వద్దు. అడక్కుండా తీశారనేగా మనం కూర్చున్నది" అన్నాడు. ఆ మాటకు అందరూ తలూపారు. నాకు ఏడుపొచ్చింది, చూపించలేదు.

కాబట్టి అడుగుతున్నాను. నిన్ను ఎవరూ అడగని మాట నేను అడుగుతున్నాను. ఈ ఉత్తరం మన ఎదురింటి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, బుధవారం సాయంత్రానికి నీకు అందుతుంది. తెరవమంటావా, కమిటీ ముందు నువ్వూ పక్కన నేనూ కూర్చుందాం. వద్దంటావా, మరో మాట అడగను. ముఖం మాడ్చను. కన్నతల్లి కోసం, కంపెనీ కోసం, పదకొండు మంది కోసం అని ఆలోచించకు. నీది నీ ఇష్టం.

నువ్వు వద్దంటే శుక్రవారం నేను వెళ్లి, రుజువుంది, ఇవ్వను, అది నాది కాదు అని చెప్తాను. పకపకా నవ్వుతారు. నెట్‌లో అబద్ధాలకోరు ముసలమ్మ అని రాస్తారు. రాసుకోనీ. శనివారం చెప్పుల దుకాణం ముందు రోడ్డు మీద పదకొండు కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. కుర్చీలు అద్దెకు మాట్లాడేశాం.

ఇంకొక్క మాట. అమ్మ తట్టుకోలేదన్నావు. తట్టుకుంది. నాలుగు నిమిషాల పది సెకన్ల తర్వాత నువ్వేం చెప్పావో నేను వినలేదు, ఎవరు చెప్పినా వినను. చెప్పాలనిపించిన రోజు నాకే చెప్పు తల్లీ. ఎంతసేపైనా వింటాను, ఒక్క ముక్క కూడా టైపు చేయను.

ఇట్లు,
ఎవరికీ తగ్గని, నీకు మాత్రం తగ్గే
అమ్మ