పెద్ద బావగారి మీసం

అమ్మా,

నీ చిన్న కూతురు సుభద్ర నమస్కారాలు. నేనూ, అక్కా, అక్క కూతురు హంసా బళ్లారిలో బాగానే ఉన్నాం. నాన్న మోకాలు ఎలా ఉంది? నాయనమ్మకి దగ్గు తగ్గిందా? నా గురించి దిగులు పడకు. వేళకి తింటున్నాను, చదువుకుంటున్నాను.

ఇక్కడ ఎండ చెప్పలేను. మా అద్దె ఇంటి ముందే ఖనిజం లారీలు పోతుంటాయి. ఆరేసిన తెల్ల చున్నీ సాయంత్రానికి ఇటుక రంగులోకి తిరుగుతుంది. పొద్దున బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ. నీ చేపల పులుసు గుర్తొస్తే మాత్రం ముద్ద దిగదు.

హంసకి మాటలు నేర్పడం కోసం చేరిన మాటల శిక్షణ కేంద్రంలో నా చదువు బాగా సాగుతోంది. అమ్మా, పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నాను కానీ మాటంటే ఏమిటో ఇప్పుడే తెలుస్తోంది. 'స్' అంటే టైరులోంచి గాలి పోయినట్టు ఎంత సన్నగా ఉంటుందో! హంస చెవి ఆపరేషన్ తర్వాత మొదటిసారి దాన్ని విని కళ్లు పెద్దవి చేసినప్పుడు నేను ఏడ్చేశాను.

ఇక బావ వాళ్లన్న, మన పెద్ద బావగారి సంగతి. సండూరులో, అక్క అత్తారింట్లో ఏం జరిగిందో నీకు తెలుసు. గనిలో మందు పేల్చినప్పుడల్లా, చాప మీద పడుకున్న హంస ఉలిక్కిపడి లేచేది. "చెవులు లేకుంటే ఎట్ల లేస్తాదప్పా? ఇది మొండిది, అంతే" అని ఆయన తీర్పు చెప్పాడు. నేల అదిరి లేచిందే కానీ చప్పుడు విని కాదని ఎవరికీ తట్టలేదు. ఆ తీర్పుని నమ్మి రెండేళ్లు పోగొట్టుకున్నాం. ఆపరేషన్ అయ్యాక కూడా మీసం దువ్వుతూ, "ఇది నన్ను పెద్దనాయనా అని పిలిచిన రోజు ఈ మీసం తీసేస్తా" అన్నాడు. అక్క తల వంచుకుంది. నేను వంచుకోలేదు. రోజూ పాఠం మొదలుపెట్టే ముందు ఆ మీసాన్నే తలుచుకుంటున్నాను.

మొన్న ఆదివారం బావతో కలిసి ఆయన కూడా వచ్చాడు. ఈ శిక్షణ చాలించి తల్లీబిడ్డల్ని సండూరు తీసుకుపోతాడట. అక్క ముఖం పాలిపోయింది. ఇప్పుడు ఆపేస్తే హంసకి చెవి వెనక మిషను ఉన్నా లేనట్టే.

హంస అక్క ఒడిలో ఉంది. పెదవులు చూడకుండా వినాలని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠం చెబుతున్నాను. ఆయన మురిసిపోయాడు. "చూడప్పా శేఖరా, నీ మరదలికి పెద్దోళ్ల ముందర ఎంత మర్యాద!" అన్నాడు. మర్యాదట! ఆ చేతి వెనక నేను పళ్లు నూరుతున్నాను.

తర్వాత హంస వెనక్కి పోయి మడమతో నేలను దబ్బుమని తన్నాడు. హంస కదల్లేదు. మడమ చప్పుడు వింటే ఏం వస్తుంది దానికి?

"చూస్తివా? మందు పేలితే లేస్తాండె. ఇప్పుడు అదీ పాయె" అని నవ్వి, బావ చెవిలో మెల్లగా, "లారీ బయట నిలబడుండాది. సామాన్లు ఎత్తు" అన్నాడు.

హంస గిరుక్కున వెనక్కి తిరిగింది. మా ఆటలో నేను 'లారీ' అంటే తను 'పో' అనాలి, అప్పుడే బొమ్మ లారీ కదులుతుంది. పెద్ద బావగారి ముఖంలోకి సూటిగా చూసి గట్టిగా, "పో!" అంది.

బావ, అన్న ముందు ఎన్నడూ నోరెత్తనివాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. "వింటివి కదన్నా, పొమ్మంటాంది. లారీ నువ్వు తీసుకుపో. వీళ్లు ఈడనే ఉంటారు."

"పెద్దనాయనా అన్లేదు కదప్పా" అని గొణుగుతూ ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఆ చేతికి మీసం దువ్వడం గుర్తు రాలేదు.

ఆయన్ని క్షమించమని మాత్రం రాయకు అమ్మా, నా వల్ల కాదు. మా మేడమ్ పెద్ద మాటలకి తొందరపడొద్దంటుంది, పడను. నిన్ననే హంస 'పె' అంది.

నాన్నకీ, నాయనమ్మకీ నా దండాలు. నన్నూ, నాకంటే ముందు హంసనూ దీవించండి. ఈసారి వచ్చేవాళ్లతో కారప్పూస పంపు. అటక మీద పెట్టెలో తాతయ్య క్షవరం కత్తి ఉంటుంది. దాన్ని బాగా సాన పట్టించి పంపు.

నీ
సుభద్ర