ఎడమ పెడల్‌కి ఎర్ర గుడ్డ

బిట్రగుంట,
జూన్ 3

ప్రియమైన షాహీన్ తల్లికి,

దువాలు. నీ సైకిల్ నిన్న తడ బస్సు మీద వేయించాను. పక్కలకి పొడుచుకొస్తాయని పెడళ్లు ఊడదీసి సంచిలో పెట్టాను. నువ్వే బిగించుకోవాలి. ఫోన్‌లో నీ మాట నా చెవికి ఎక్కదు కాబట్టి రాస్తున్నా.

కుడి పెడల్ మర మామూలుదే, కుడివైపుకి తిప్పు. ఎడమది తిరగమర, ఎడమవైపుకి తిప్పితేనే బిగుస్తుంది. ఎడమదానికి ఎర్ర గుడ్డ కట్టాను. గ్రీజు రాసి ముందు వేళ్లతో ఎక్కించు. వేళ్లకి ఎక్కని మరని పానాతో బలవంతం చేయొద్దు. నీ ఫ్యాక్టరీ దారిలో ఆ లారీలు తలుచుకుంటేనే నాకు భయం. తొక్కుతుండగా పెడల్ ఊడితే మనిషి రోడ్డు మీదే పడేది.

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయేమో. మన సైకిల్ అంగట్లో వెలుతురు లేదు.

నీ అబ్బా,
హనీఫా


తడ,
జూన్ 8

ప్రియమైన అబ్బాకు,

సలాం. హాస్టల్‌లో అందరూ నా సైకిల్ చూసి కుళ్లుకుంటున్నారు. బిగించాను కానీ తిట్టకు. గుడ్డ ఉన్నదాన్ని ఎడమవైపు పెట్టి నువ్వు చెప్పినట్టు తిప్పితే పట్టనే లేదు. కుడిదీ అంతే. రెండోవైపు తిప్పితే కొంచెం పట్టాయి. పక్కగది ఎవాంజెలిన్ పొడుగు పానా తెచ్చింది. ఇద్దరం దాని మీద వేలాడి రెండూ బిగించేశాం. తొక్కితే ఎడమ కాలి కింద టక్కు టక్కుమంటోంది. కొత్తలో అంతేనా? సోమవారం నుంచి డ్యూటీకి దీని మీదే పోతాను.

నీ బిడ్డ,
షాహీన్


బిట్రగుంట,
జూన్ 12

తల్లీ షాహీన్,

ఈ ఉత్తరం అందిన చోటే సైకిల్ దిగు. ఆ టక్కుమనేది మర తెగుతున్న చప్పుడు. నీ తప్పేమీ లేదు. ఒకటి ఎక్కకపోతే బిగించినవాళ్ల తప్పు, రెండూ ఎక్కకపోతే గుర్తు కట్టినవాడిదే. తొందరలో గుడ్డ కుడిదానికి కట్టినట్టున్నాను.

సోమవారం అన్నావు. ఇవాళ బుధవారం. పక్కింటి కామాక్షి చేత నాలుగుసార్లు ఫోన్ చేయించాను, నువ్వు ఎత్తలేదు. అంగడి తెరవలేదు. మన వీధి చెంచయ్య ఇప్పుడే తడకి రైలెక్కుతున్నాడు, అతని చేతికిస్తున్నా. నువ్వు నీ రెండు కాళ్ల మీద నిలబడి అతనికి కనబడితే చాలు, అల్లాని ఇంకేమీ అడగను.

అబ్బా


తడ,
జూన్ 13

ప్రియమైన అబ్బాకు,

నేను బాగున్నానని నిన్ననే కామాక్షి అత్తకి ఫోన్ చేశాను. నీ చెవిలో అరిచి చెప్పే ఉంటుంది. డ్యూటీలో మా ఫోన్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టేస్తారు. సోమవారం హాస్టల్ గేటు దాటకముందే పెడల్ ఊడి పడ్డాను. మోకాలు గీసుకుంది, అంతే.

ఇది మాత్రం ఆమె చేత చెప్పించలేను. ఊడిన పెడల్, నువ్వు గుడ్డ కట్టినదే, తీసి చూశాను. ఇరుసు కొసన కుడిదని ‘ఆర్’ అచ్చు లోతుగా ఉంది. ‘ఎల్’ ఉన్నది గుడ్డ కట్టనిది. చిన్నప్పుడు ఆ అచ్చు నాకు చూపించింది నువ్వే. పనిలో నీకు తొందర ఎప్పుడుంది అబ్బా? అది నీకు కనబడలేదు. రెండు ఉత్తరాల్లోనూ వరస మీద వరస రాశావు. మొదటిసారి వెలుతురు లేదన్నావు, ఇప్పుడు తొందరంటున్నావు.

నాకు భయంగా ఉంది. స్కూలు పిల్లల సైకిళ్లన్నీ నీ దగ్గరికే వస్తాయి. నాది గేటు లోపల ఊడింది. వాళ్లది ఎక్కడ ఊడుతుందో ఎవరికి తెలుసు?

ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. సోమవారం నెల్లూరు పోయి కంటి డాక్టరుకి చూపిద్దాం. అప్పటిదాకా గాలి కొట్టు, పంక్చర్లు వెయ్యి. బ్రేకులు, నట్లు ముట్టుకోకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

ఎప్పటిలాగా స్టేషన్‌కి ఎదురు రావద్దు అబ్బా. పట్టాలు దాటాలి. అంగడి ముందే కూర్చో, నేనే వస్తాను.

నీ షాహీన్