రెండింతల వేగమంట!

సెప్టెంబర్ 2

వచ్చేసింది. పొద్దున హిందూపురంలో రైలెక్కి కూర్చున్నానో లేదో ఫోన్ ఒకటే మోత. మా పాలిటెక్నిక్ బ్యాచ్ గ్రూపులో నూట పన్నెండు మెసేజ్‌లు. కొత్త ప్రాసెసర్ విడుదల. పాతదానికి రెండింతల వేగమంట! పెనుకొండలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న మా నాగేంద్రకైతే పూనకమే. వరసగా పదకొండు వాయిస్ మెసేజ్‌లు. "మతి పోతాది మ్మే శైలూ, ఆ స్లైడు చూడు ఒక్కసారి!"

చూశాను. స్లైడు అడుగున చీమ తలకాయంత అక్షరాలు. పెద్దవి చేసి చదివాను. పోల్చింది నిరుటి చిప్‌తో కాదు, నాలుగేళ్ల కిందటి చిప్‌తో. అదీ ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న రకంతో. దీన్ని వేగం అంటారా, మోసం అంటారా? ఒళ్లు మండింది. రైలు పెనుకొండ దాటేలోపు ఆ అడుగు అక్షరాలను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను.

వచ్చిన జవాబు — "నువ్వు పట్టుచీరలు చూసుకో శైలూ."

సెప్టెంబర్ 3

చూసుకుంటూనే ఉన్నాను నాయనా. ఆరేళ్లుగా. ధర్మవరంలో మా మేనమామ ఇంట్లోనే నడిపే డిజైన్ సెంటర్ నుంచి మగ్గం మీదికి వెళ్లే ప్రతి కొంగూ ముందు నా కంప్యూటర్‌లోనే పుడుతుంది. నెమలి కొంగు ఫైలు సేవ్ కొడితే పదకొండు నిమిషాలు. అంతసేపూ మౌస్ ముట్టకూడదు. గదిలో అందరికీ టీ. మామ దానికి "సేవ్ టీ" అని పేరు కూడా పెట్టాడు. రోజుకు ఏడు సేవ్ టీలు తాగిన మనిషికి తెలుస్తుంది, ప్రాసెసర్ అంటే ఏమిటో. వాళ్లకేం తెలుసు, ఆటలాడుకునేవాళ్లకు.

సెప్టెంబర్ 5

మామ అడిగాడు. "ఏం పాపా, పెండ్లిండ్ల సీజను లోపల మూడు మిషన్లూ మార్చేద్దామా? నువ్వు ఊ అంటేనే."

నువ్వు ఊ అంటేనే... హిందూపురం నుంచి ధర్మవరం దాకా తెలిసినవాళ్లెవరు కంప్యూటర్ కొన్నా నన్ను అడిగే కొంటారు. నాకు ర్యాంకులు రాలేదు. పెద్ద ఉద్యోగమూ కాదు. నాకంటూ ఉన్నది ఈ మాట ఒక్కటే. అందుకే ఊ అనలేదు. ముందు నాగేంద్ర దగ్గర ఒక్కటి తెప్పిద్దాం, నెమలి కొంగుతో పరీక్ష పెడతాను, నెగ్గితే మిగతా రెండు అన్నాను. నాగేంద్ర ఒప్పుకున్నాడు. "నీకు అనుమానం ఎక్కువ మ్మే," అని నవ్వాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

మిషన్ వచ్చింది. నాగేంద్ర తనే బండి మీద తెచ్చాడు. బిగించి, ఆన్ చేసి చూపించి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. షాపు మూసి వచ్చాడట.

వాడు వెళ్లాక అత్త పూజ. కొత్త మగ్గమైనా, కొత్త మోటారైనా ఈ ఇంట్లో ఒకటే పద్ధతి. పసుపు, కుంకుమ. ముందు భాగాన కొత్త రవికె గుడ్డ కప్పి, దాని మీద చేమంతి దండ. "మంగళారం పెట్టింది శుక్రారం దాటేదాకా తీయగూడదు పాపా," అంది. తీయనన్నాను. దండం పెట్టుకున్నాను కూడా.

సెప్టెంబర్ 10

నెమలి కొంగు. సేవ్.

పన్నెండున్నర నిమిషాలు!

మళ్లీ కొట్టాను — పదమూడు. మామ రెండో టీ తాగుతూ నా ముఖం చూస్తాడు. నేను స్క్రీన్ చూస్తాను. పాతదే నయం కదా ఇంతకంటే. రెండింతలు, రెండింతలు అని ఊరంతా గంతులేసింది దీనికా?

సెప్టెంబర్ 11

గ్రూపులో నిమిషాలతో సహా పెట్టాను. కాసేపటికి నాగేంద్ర వీడియో. తన షాపులో అదే చిప్, నేను పంపిన అదే నెమలి కొంగు. ఎనిమిది నిమిషాలు. "నా కాడ ఎనిమిదే వస్తాండాది మ్మే. ఆడ్నే ఏదో తేడా ఉండాది, ఒకసారి చూడు."

అక్కడ ఎనిమిది, ఇక్కడ పదమూడా? ఒకే చిప్ అయితే ఎట్లా కుదురుతుంది? నాకు ఒకటే తోచింది. రాశాను. "షాపులో ఒకటి చూపించి మాకు ఇంకొకటి అంటగట్టాడు. దీన్ని దొంగతనం అంటారు." పంపేశాను.

అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టారు. నాగేంద్ర మాత్రం ఒకే మాట. "నేనా?"

ఇంకేం రాస్తాడు!

సెప్టెంబర్ 12

మిగతా రెండూ వద్దని మామ నాగేంద్రకు ఫోన్ చేసి చెప్పేశాడు. మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు కూడా వద్దన్నారట వాడితో. మంచిదే. ఎవరో ఒకరు నిలబడి అడగాలి కదా.

సెప్టెంబర్ 13

మధ్యాహ్నం అత్త ఎండిన దండ తీసేసింది. రవికె గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే కుట్టించుకో పాపా."

తర్వాత సేవ్ కొట్టి టీ చెప్పాను. టీ ఇంకా రాలేదు. సేవ్ అయిపోయింది.

ఎనిమిది నిమిషాలు.

మళ్లీ. ఎనిమిది. అప్పుడు లేచి ముందుకు వెళ్లి చూశాను. డబ్బా ముందు భాగమంతా జల్లెడ. లోపలి ఫ్యాన్ గాలి పీల్చేది అక్కడి నుంచే. గుడ్డ మళ్లీ కప్పాను. తెర మీద వేడి అంకె చూస్తుండగానే ఎక్కిపోయింది. వేడెక్కితే చిప్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. పదమూడు నిమిషాలు. గుడ్డ తీస్తే ఎనిమిది.

ఎవరి కంప్యూటర్ నెమ్మదించినా నేను మొట్టమొదట అడిగే ప్రశ్న, వేడెంతుందో చూశారా అని. ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు. చూడాలనిపించలేదు. నేను అనుకున్నదే నిజమైందన్న సంబరంలో ఉన్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అయినా — పదకొండు నుంచి ఎనిమిదికి. ఇది రెండింతలా? కాదు. ఆ కంపెనీ చెప్పింది అప్పుడూ అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే.

సెప్టెంబర్ 14

రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. చివరికి పంపింది ఇది — "పూజలో కప్పిన రవికె గుడ్డ గాలికి అడ్డం పడింది. తీశాక ఎనిమిది నిమిషాలు. పాతది పదకొండు. కంపెనీ చెప్పిన రెండింతలు మాత్రం రాదు."

పడీపడీ నవ్వే బొమ్మలు వచ్చిపడ్డాయి. అది సరే, నవ్వనీ. ఆ తర్వాత ఒకడు — "శైలే ఒప్పుకునింది బ్రో, రెండింతలు నిజమే!" ఇంకొకడు దానికి చప్పట్లు. పదకొండులో సగం ఎనిమిదా? వీళ్లందరూ నాతో కలిసి లెక్కల పరీక్ష పాసైనవాళ్లే! నా తప్పు నేను ఒప్పుకుంటే వాళ్ల అబద్ధం ఎట్లా నిజమవుతుంది?

సెప్టెంబర్ 15

మామ అరవలేదు. "గుడ్డ సంగతి నీకెట్ల తట్టలేదు పాపా?" అన్నాడు, అంతే. అరిచినా బాగుండేది.

సెప్టెంబర్ 16

సాయంత్రం తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. షాపు బయట కొత్త బోర్డు. "రెండింతల వేగం" అని ఇంతింత అక్షరాలు. చూడగానే వచ్చిన పని మర్చిపోయేంత కోపం. మింగేసి లోపలికి వెళ్లాను.

నాగేంద్ర ఎవరికో కీబోర్డు చూపిస్తున్నాడు. ఆ మనిషి వెళ్లేదాకా నన్ను నిలబెట్టాడు. తర్వాత, "ఏం కావాలండీ?" అన్నాడు. నన్ను. పదేళ్ల స్నేహంలో మొదటిసారి.

సారీ అన్నాను. గ్రూపులో రాశాను కదా, చూడలేదా అన్నాను.

ఫోన్ తీశాడు. నా మెసేజ్ నాకే పైకి చదివి వినిపించాడు. "గుడ్డ గురించి రాసినావు. నిమిషాల గురించి రాసినావు. కంపెనీ గురించి కూడా రాసినావు. నా గురించి యాడ రాసినావు?"

అప్పుడు నా నోటికి ఏమొచ్చింది? "మరి బయట ఆ బోర్డేంది?"

"అది వాళ్లు పంపిన బోర్డు. దొంగ అన్నది నువ్వు."

ఇంకో మనిషి లోపలికి వచ్చాడు. నాగేంద్ర అటు తిరిగాడు.

సెప్టెంబర్ 17

రైల్లోనే రాస్తున్నా. హిందూపురం దాటగానే మామ ఫోన్. "ఏం పాపా, ఆ రెండూ తెప్పించేదా, వద్దా?" రేపు చెప్తానన్నాను. ఎప్పుడైనా అట్లా అన్నానా నేను? ఎనిమిది నిమిషాలంటే కొనదగ్గదే. ఆ ముక్క చెప్పడానికి కూడా ఇప్పుడు నోరు రావడం లేదు.

గ్రూపు తెరిచాను. "నాగేంద్ర దొంగ కాదు. విచారించకుండా దొంగ అన్నది నేను." ఇంతవరకు టైపు చేశాను. ఇక్కడ ఆపేస్తే, ఆ బోర్డు నిజమని నేనే చెప్పినట్టు చాటుకుంటారు. రెండింతలు కాదని పక్కన కలిపితే, వాడికి చెప్పే సారీలో కూడా నా వాదనే గెలిపించుకుంటున్నానని వాడనుకుంటాడు. అనుకోవడమేమిటి, నిజమే కదా.

పెనుకొండ. రైలు ఆగింది.

ప్లాట్‌ఫాం మీద నాగేంద్ర. భుజాన పెద్ద అట్టపెట్టె, ధర్మవరంలో ఎవరికో. కిటికీలోంచి నన్ను చూశాడు. నేను పక్క సీట్లో ఉన్న నా సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

పక్క బోగీ ఎక్కాడు.