బాపు గదిలో బల్బు

అన్నా,

ఆసుపత్రి నుంచి నువ్వు తిరిగి రాకపోయినా నీ పాత ల్యాప్‌టాప్‌ను మేం ఆపలేదు. మగ్గాల మోతకు చెవులు పోయిన బాపు కోసం నువ్వు జావా భాషలో రాసిన ప్రోగ్రాం దాన్లోనే నడిచేది కదా. అమ్మ పిలిస్తే బాపు గదిలో బల్బు ఒకసారి మెరిసేది. నువ్వు గేటు దగ్గరికొస్తే రెండుసార్లు.

పోయిన వారం ఆ ల్యాప్‌టాప్ పాడైంది. లాక్‌డౌన్ కదా, మన భేస్తాన్ పేటలో రిపేరు దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. అదే సమయానికి బాపు జ్వరంతో గదిలో ఒక్కడే ఉంటున్నాడు. తలుపు కొట్టినా వినపడదు. అందుకే అప్పట్లో నువ్వు మెయిల్‌లో పంపిన కోడ్‌ను నా ఫోన్ కోసం కోట్లిన్ భాషలోకి మార్చడానికి కూర్చున్నాను. ఉన్నదున్నట్టు పెడితే ఆండ్రాయిడ్ ఒప్పుకోలేదు. బల్బు జవాబు కోసం స్క్రీను ఆగి ఎదురుచూడకూడదట. ఆ ఎదురుచూసే పనంతా తెర వెనక్కి జరిపాను.

ఈ మధ్యాహ్నం పని చేస్తుందో లేదో చూద్దామని బటన్ నొక్కాను. కోడ్‌లో మొదట ఉన్నది నీ పిలుపేనని చూసుకోలేదు.

బల్బు రెండుసార్లు మెరిసింది. బాపు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, నన్ను దాటిపోయి గేటు గడియ తీశాడు. సందులో ఎవరూ లేరు. కాసేపు అక్కడే నిలబడ్డాడు.

నేను ఫోన్ చూపించి, ఆ రెండు మెరుపులు తీసేస్తానని సైగ చేశాను.

"వద్దు బిడ్డా. అది వానిదే ఉండనియ్యి. నువ్వు మూడు పెట్టుకో" అన్నాడు.

మళ్లీ గదిలోకి వెళ్లిపోయాడు. గేటు గడియ మాత్రం పెట్టలేదు.