చిన్న ట్రక్కు బీమాలో నేను పెట్టిన టిక్కు

అవొమోరిలో యాపిల్ తోట చేసుకు బతికే త్సుగవా హెయికిచి అనే నేను, వయస్సు డెబ్బై తొమ్మిది, మోకాళ్లు మాట వినకపోయినా బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. అమలు బాధ్యత మా అమ్మాయి మిచియోది.

1. తెల్ల చిన్న ట్రక్కు, దాని ఐచ్ఛిక బీమాలో నేను ఎక్కిన ఇరవయ్యో మెట్టు మిచియోకి. ఏళ్ల తరబడి బీమా సొమ్ము అడగకుండా నడిపితే మెట్టు పెరుగుతుంది, ప్రీమియం తగ్గుతుంది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకే అది దక్కుతుంది కనుక సెందాయ్‌లో కాపురమున్న పెద్దవాడు కోసుకేకి దక్కదు. "ఆ డొక్కును తుక్కుకి అమ్మెయ్ నాన్నా" అన్నాడుగా, వాడికి నా గొడుగు చాలు.

2. అమ్మాయ్, ఇది శ్రద్ధగా చదువు. ప్రభుత్వం తప్పనిసరి చేసిన బీమా ఎదుటి మనిషి ఒంటికే, అదీ ఒక హద్దు దాకానే. ఎవరి గోడ కూలినా, మన కాలు విరిగినా దానికి పట్టదు. మిగతాదంతా ఐచ్ఛిక బీమా చూసుకుంటుంది, అదీ అందులో ఒప్పుకున్న మనిషి నడిపితేనే.

3. పడమటి తోటలో పదకొండు చెట్లు మా తమ్ముడు యసుజి భార్య ఫుమికి. అవి వాళ్లవే. పందొమ్మిదేళ్ల కిందట ప్రీమియం తగ్గుతుందని "భార్యాభర్తలు మాత్రమే నడుపుతారు" అనే గడిలో టిక్కు పెట్టి, ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్లో ట్రక్కు తాళం ట్రక్కులోనే ఉంటుంది, కోతల్లో అవసరమైనవాళ్లు తీస్తారు. యసుజి తీశాడు. సైకిలు మీద పోతున్న ఒకామెను గుద్ది, నూడుల్స్ కొట్టులోకి దూసుకుపోయాడు. ఆమె మళ్లీ నడవలేదు. హద్దు దాటిన ఖర్చూ, కొట్టు ఖర్చూ వాడి మెడకు చుట్టుకున్నాయి. ఏ బీమా అయినా సొంతదారుకే వర్తిస్తుందనుకున్నాడు పిచ్చివాడు. నేను కాదనలేదు. "తప్పు నాదే అన్నయ్యా, నువ్వు కల్పించుకోకు" అన్నాడు. కల్పించుకోలేదు. పైగా వాడమ్మిన చెట్లను చవగ్గా కొన్నాను. టిక్కు సంగతి తెలియకుండానే పోయాడు. ఫుమీ, క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

4. ఇంత జరిగినా, నా భార్య పోయాక ఆ షరతును "నేను మాత్రమే" అని ఇంకా కుదించాను. బుద్ధి రాలేదన్నమాట. నేను పోయిన రోజే, దహనానికి ముందే, ఏజెంటుకు ఫోన్ చేసి దాన్ని తీయించాలి. అంతవరకూ ఎవరూ స్టీరింగు ముట్టకూడదు.

రెయ్‌వా ఆరో సంవత్సరం (2024), అక్టోబరు 27, ఆదివారం.

సంతకం, ముద్ర: త్సుగవా హెయికిచి

మొదటి సాక్షి: మికామి తోషిమి, పక్కతోట రైతు. ముద్ర వేశాడు.

రెండో సాక్షి: తనాబు సెత్సుకో, పొరుగింటామె. సంతకం పక్కన వేయాల్సిన పేరు ముద్ర ఇంట్లో మరిచానని, "ఇప్పుడే వచ్చేస్తా అన్నయ్యా" అంటూ, నేను నాలుగో అంశం రాస్తుండగానే మా ట్రక్కు వేసుకుని వెళ్లింది. గంటన్నర అయింది. వాళ్లిల్లు ఐదు నిమిషాల దూరం.