మనవరాలి నాలుగో కోర్సు

ఒరేయ్ సుబ్బారావూ,

నీ సంవత్సరీకం భోజనం చేసి వచ్చి రాస్తున్నాను. పోయాక కూడా నా ఇంట్లో వేలు పెట్టడం నువ్వు మానలేదు.

నా మనవరాలు సింధు స్టూడెంట్ ఎక్స్‌చేంజి మీద ఒక సెమిస్టరు ఇటలీలో చదవబోతోంది. అక్కడి కోర్సులు ఇక్కడి నుంచే ఎంచుకుని రిజిస్టరు చేసుకోవాలట. మూడు కుదిరాయి. నాలుగోది చరిత్ర తీసుకోమన్నాను. జన్మంతా నేను చదివింది అదే కదా. సరిగ్గా అదే గంటకు నాటకం కోర్సు కూడా ఉంది.

"చరిత్ర నీ దగ్గరైనా నేర్చుకోవచ్చులే తాతయ్యా. సుబ్బారావు తాతయ్యలా స్టేజీ ఎక్కాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది" అంది.

నాటకంలో ఒక్క సీటే మిగిలింది. ఇంకెవరైనా ఎగరేసుకుపోతే బాగుండునని సింధు పక్కనే కూర్చుని కోరుకున్నాను. దానికే దొరికింది.

పర్చూరు తిరునాళ్లలో ఈలలన్నీ నీకే పడేవి. తెర వెనక నిలబడి నీకు ప్రతి మాటా అందించింది నేనని ఎవరికి తెలుసు? ఇప్పుడు నా మనవరాలు కూడా నీ వైపే.

అక్కడ పాడటానికి నీ పద్యం ఒకటి నేర్పమంది. తడుముకోకుండా మాటలన్నీ చెప్పాను.

"రాగం ఏది తాతయ్యా?" అంది.

నా దగ్గరెక్కడిది? అది నువ్వు పట్టుకుపోయావు గదరా.