వదిన అడగాల్సిన ఫొటో

వదినా,

ఫోను ఎత్తవు, ఆఫీసులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటావు. అందుకే ఇది అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. తను చదవడులే, చదివినా ఒక్క ముక్క అర్థం కాదు.

నిన్న మీటింగులో నీ టీము అడిగిన లోయ ఫొటోని ప్లానులోంచి తీసేసింది నేనే. ఆ గ్రహం చుట్టూ తిరిగే మన వ్యోమనౌకని ప్రతి టీమూ తమకి కావలసిన వైపే తిప్పమంటుంది. అదేమో ఒకసారికి ఒకవైపే చూడగలదు, ఎటు చూడాలో రాసేది నేను. నీ పేరు రాగానే "ఇంకేం, వదినగారిదే ముందు" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి భయపడి కొట్టేశాను. వేరేవాళ్లదైతే ఉంచేదాన్నే.

పొద్దున వచ్చిన ఫొటోలు చూశావా? ఆ గ్రహం మీద దుమ్ము తుఫాను లేచింది, నీ లోయ వైపే వస్తోంది. ఇప్పుడు చూడకపోతే మళ్లీ ఎన్నాళ్లకి కనిపిస్తుందో!

తీసేసినదాన్ని నా అంతట నేను తిరిగి పెట్టకూడదు. ఆ టీమే అడగాలి, అది మన రూలు. సాయంత్రం ఆదేశాలు పైకి, నౌకకి వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఏడ్చి మొత్తుకున్నా మార్చలేను.

ఇంటికొచ్చాక ఎంతైనా తిట్టు, గిన్నెలు విసిరినా సరే. ముందు అడుగు వదినా. అందరి ముందూ గట్టిగా అడుగు. ఈసారి ఎవరు నవ్వినా తల దించను.

నౌక నీ లోయ మీదుగా వెళ్లే ఆ కాసేపు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకు ఖాళీ అని అడిగితే, నౌక తిరగడానికి టైం కావాలన్నాను. ఆ గదిలో నేనాడిన మొదటి అబద్ధం అది. దాన్ని వృథా చెయ్యకు.

నీ ఆడపడుచు